ఇంటి ప్లాన్లు రెండు చేతిలో ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలి?

ఇల్లు కట్టుకోవాలనుకున్న ప్రతి కుటుంబం చేతికీ ఏదో ఒక రోజు రెండు మూడు ప్లాన్లు వస్తాయి. స్థలం ఒకటే, గదుల సంఖ్య ఒకటే, చదరపు అడుగులు కూడా ఇంచుమించు ఒకటే. ఒకదానిలో మెట్లు గుమ్మం పక్కనే ఉంటాయి, ఇంకోదానిలో హాలు వెనక. ఒకదానిలో వంటగది హాల్లో కలిసి ఉంటుంది, ఇంకోదానిలో తలుపు వేసుకునేలా ఉంటుంది. కాగితం మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. టెన్షన్ అక్కడే మొదలవుతుంది, దేన్ని బట్టి తేల్చుకోవాలో తెలియదు కాబట్టి.

రెండుసార్లు ఇల్లు కట్టిన అనుభవంతో నేను చెప్పేది ఒకటే. గదులు లెక్కపెట్టడం ఆపి, నడకలు లెక్కపెట్టండి. పెన్సిల్ తీసుకుని, ఇంట్లో ఒక్కొక్కరూ పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఎటెటు తిరుగుతారో ప్లాన్ మీద గీయండి. మనిషికో రంగు. ఏ ప్లాన్‌లో గీతలు పొట్టిగా, ఒకదాన్నొకటి అడ్డుకోకుండా ఉన్నాయో చూడండి.

మా మొదటి ఇంటికి ఈ పని చేయలేదు. చేరిన నెల తిరక్కుండానే బట్టల సంగతి తెలిసొచ్చింది. స్నానాలు పై అంతస్తులో. వాషింగ్ మెషిన్ కింద వంటగది వెనక. ఆరేసేది డాబా మీద. విడిచిన బట్టలు పై నుంచి కిందికి, తడి బట్టలు కింది నుంచి డాబాకి, ఆరినవి డాబా నుంచి మళ్లీ బెడ్‌రూమ్‌ల్లోకి. తడి బట్టల బకెట్ పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కితే చేతి మీద హ్యాండిల్ అచ్చు పడి గంటసేపు పోయేది కాదు. అదే ఐదు నిమిషాలు కాగితం మీద గీసి ఉంటే మెషిన్‌కి ఒక కుళాయి, ఒక డ్రెయిన్ పైనే పెట్టించుకునేవాళ్లం.

ముందు కొలతలు ఒక దారిలోకి తెచ్చుకోండి

రెండు ప్లాన్లు పోల్చే ముందు రెండింటిలోనూ కొలతలు ఒకే లెక్కన రాశారో లేదో అడగండి. కొందరు గోడ మధ్య నుంచి గోడ మధ్యకి రాస్తారు. కొందరు గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకి రాస్తారు. చుట్టూ తొమ్మిది అంగుళాల గోడలున్న గదిని 12 × 11 అని మధ్య నుంచి మధ్యకి రాశారనుకోండి. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర కలిపి తొమ్మిది అంగుళాలు గోడల్లోనే పోతాయి. ప్లాస్టరింగ్‌కి దాదాపు ఇంకో అంగుళం. చేతికొచ్చే గది 11 అడుగుల 2 అంగుళాలు, 10 అడుగుల 2 అంగుళాలు.

ఆ పది అంగుళాలు ఎక్కడ తగులుతాయంటే మంచం దగ్గర. ఇద్దరు పడుకునే మంచం 5 × 6½ అడుగులు. రెండు వైపులా దిగడానికి రెండున్నర అడుగుల చొప్పున వదిలితే 10 అడుగుల వెడల్పు సరిపోతుంది. కాళ్ల వైపు రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెట్టి, దాని తలుపు తెరిచి నిలబడడానికి మూడడుగులు వదిలితే పొడవు 11½ అడుగులు కావాలి. ఇందాక లెక్కేసిన గదిలో నాలుగు అంగుళాలు తక్కువ. అలాంటప్పుడు వార్డ్‌రోబ్‌కి జరిపే తలుపులు పెట్టాలి, లేదా దాన్ని పక్క గోడకి మార్చాలి. ఏం చేసినా ప్లాన్ దశలో తెలియాలి, మంచం కొని తెచ్చాక కాదు.

ప్లాన్ పావు అంగుళం ఒక అడుగు లెక్కన గీసి ఉంటే అట్టముక్కలతో సామాను కత్తిరించుకోండి. మంచానికి 1¼ అంగుళాల వెడల్పు, 1⅝ అంగుళాల పొడవు ముక్క. సోఫా, ఫ్రిజ్, భోజనాల బల్ల, పిల్లల చదువు బల్ల అన్నీ అలాగే. ఆరుగురు కూర్చునే బల్ల 3 × 5 అడుగులే కానీ, కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి చుట్టూ మూడడుగులు వదలాలి. అంటే బల్ల అడిగే చోటు 9 × 11 అడుగులు. ఈ లెక్క వేయకుండా 'డైనింగ్' అని రాసిన చోటు తరచూ మనుషులు నడిచే దారి మధ్యలో ఉంటుంది.

ఒకటే అంతస్తా, రెండా

1,600 చదరపు అడుగుల ఇల్లు ఒకే అంతస్తులో కడితే పునాదీ పైకప్పూ రెండూ 1,600 చదరపు అడుగుల మేర ఉండాలి. రెండు అంతస్తులైతే రెండూ సగానికి తగ్గుతాయి. స్థలం కూడా సగమే పడుతుంది, చుట్టూ గాలికి, చెట్లకి చోటు మిగులుతుంది. రెండంతస్తుల ఇంటివైపు మొగ్గడానికి బలమైన కారణాలు ఇవే.

దానికి ఎదురు మెట్లు. నేల నుంచి పై నేలకి 10 అడుగుల ఎత్తు ఉంటే, ఒక్కో మెట్టు ఆరున్నర ఏడు అంగుళాల మధ్య ఎత్తుతో దాదాపు 18 మెట్లు వస్తాయి. మధ్యలో మలుపు తిరిగే మామూలు మెట్లకి, గోడలతో కలిపి, ఒక్కో అంతస్తులో ఇంచుమించు 100 చదరపు అడుగులు పోతాయి. రెండంతస్తులకీ కలిపి 200. మీ 1,600లో ఎనిమిదో వంతు ఎక్కడానికి దిగడానికే అన్నమాట. ఆ చోటు మిగుల్చుకుందామని మెట్లు ఇరుకుగా, నిట్టనిలువుగా పెట్టించకండి. ఆ మెట్లు రోజూ పదిసార్లు ఎక్కాలి. మెట్టు ఎత్తు ఏడు అంగుళాలు దాటకూడదు, పాదం పెట్టే వెడల్పు పది అంగుళాలకి తగ్గకూడదు. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండడం ఇంకా ముఖ్యం. చివరి మెట్టు ఒక్కటి అంగుళం తేడా వచ్చినా కాలు తడబడుతుంది.

స్థలం సరిపోతే నేను ఒకే అంతస్తు వైపే ఉంటాను. సరిపోకపోతే రెండంతస్తులు కట్టండి. ఒక్క షరతు మాత్రం వదులుకోకండి: కింద ఒక బెడ్‌రూమ్, దాని పక్కనే స్నానం కూడా చేయగలిగే బాత్‌రూమ్ ఉండాలి. మా మొదటి ఇంట్లో బెడ్‌రూమ్‌లన్నీ పైనే. కింద హాలు, వంటగది, చేతులు కడుక్కునే చోటుతో ఒక చిన్న టాయిలెట్. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు హాల్లో సోఫా పక్కన మంచం వేశాం. ఇంటికి ఎవరొచ్చినా ఆయన దుప్పటి సర్దుకుని లేచి కూర్చునేవారు. "పడుకోండి నాన్నా, వాళ్లేమీ అనుకోరు" అంటే, "పర్లేదులే, వాళ్లు వెళ్లాక పడుకుంటా" అనేవారు. ఆరువారాలు అలాగే గడిచాయి. మనిషికి నొప్పి ఉన్నప్పుడు తలుపు వేసుకునే గది ఒకటి కావాలని మాకు అప్పుడు అర్థమైంది.

కింది గది పెట్టినా గుమ్మం దగ్గర మెట్లుంటే చక్రాల కుర్చీ లోపలికి రాదు. ర్యాంప్ వాలు అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. ఇల్లు నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటే 18 అడుగుల ర్యాంప్. ఇప్పుడే కట్టక్కర్లేదు, ఆ 18 అడుగులు ఎటువైపు వస్తాయో ప్లాన్‌లో చూసి ఆ చోట బోరు, ట్యాంకు లాంటివి పెట్టకుండా ఉంటే చాలు. కింది గదికీ బాత్‌రూమ్‌కీ తలుపు తెరిచినప్పుడు 32 అంగుళాల ఖాళీ మిగలాలి. తలుపు చట్రం, రెక్క మందం తీసేయగా అంత మిగలాలంటే మూడడుగుల తలుపు పెట్టించాలి. ఇంట్లో చాలా బాత్‌రూమ్‌లకి రెండున్నర అడుగుల తలుపే పెట్టేస్తారు, అందుకే ముందే చెప్పాలి.

మెట్లు ఎక్కడ పెట్టాలన్నది మరో పెద్ద ఎంపిక. హాల్లోంచి ఎక్కే మెట్లయితే పైకెళ్లే పిల్లలు మన కళ్ల ముందు నుంచే వెళ్తారు, ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ ఉంటాం. గుమ్మం పక్కన, వరండాలోంచి ఎక్కే మెట్లయితే రేపు పిల్లలు పెద్దయి ఎవరి కుటుంబం వాళ్లదైనప్పుడు పై భాగం విడి ఇల్లవుతుంది. చిన్న పిల్లలున్న ఇంటికి మొదటిది, ఇరవయ్యేళ్ల తర్వాతి లెక్కకి రెండోది నయం. రెండూ కావాలంటే మెట్లు గుమ్మానికి ఆనుకుని లోపలే ఉంచి, హాలు వైపు ఒక తలుపు పెట్టే వీలు వదలండి. ఇప్పుడు ఆ తలుపు పెట్టక్కర్లేదు. చోటు ఉంటే చాలు.

ఓపెన్ హాలా, తలుపున్న వంటగదా

ఎక్కువ ఇళ్లలో వాదన జరిగేది దీని మీదే. రెండు వైపులా న్యాయం ఉంది.

తలుపున్న చిన్న వంటగదికి మంచి ఉదాహరణ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో వచ్చింది. మార్గరెటె షుట్టె లిహోత్స్కీ అనే ఆర్కిటెక్ట్ అక్కడి కొత్త ఇళ్ల కోసం దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న వంటగది గీశారు. రైలు భోజనశాలలోని వంటగదుల్ని గమనించి, ఏ పనికి ఎన్ని అడుగులు వేయాలో, ఎంతసేపు పడుతుందో లెక్కలు చూసుకుని ఒక్కో అల్మరాని దాని చోట పెట్టారు. ఒంటరిగా పనిచేసే మనిషికి అది గొప్ప సాయం. కానీ రెండో మనిషి లోపలికొస్తే ఇరుకు. వంట చేసే మనిషి ఇంటి మాటల నుంచి విడిపోయి ఆ చిన్న గదిలో ఒంటరిగా ఉండాలన్న విమర్శా తర్వాత వచ్చింది. ఈ రెండు మాటలూ ఇవాళ్టికీ నిజమే. మీ ఇంట్లో వంట ఒక్కరు చేస్తారా, ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తారా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. కలిసి చేసే ఇంటికి మూసిన ఇరుకు వంటగది సరిపడదు.

ఓపెన్ హాలు చిన్న ఇంటిని పెద్దగా చూపిస్తుంది. వెలుతురు రెండు వైపుల నుంచీ వస్తుంది. వంట చేస్తూ పసిపిల్లల్ని చూసుకోవచ్చు. ఇవన్నీ నిజం. దాంతో పాటు వచ్చేవి కూడా తెలిసి ఒప్పుకోవాలి. వాసన, ఆవిరి, నూనె జిడ్డు సోఫా దాకా వస్తాయి. చిమ్నీ తగ్గిస్తుంది కానీ మొత్తం ఆపదు. మిక్సీ తిరుగుతుంటే టీవీ వినపడదు, టీవీ సౌండ్ పెంచితే పక్కన చదువుకునే పిల్ల లేచి వెళ్లిపోతుంది. ఏసీగానీ హీటర్‌గానీ వాడే ఇంట్లో చల్లబరచాల్సిన, వేడి చేయాల్సిన చోటు పెరుగుతుంది. గోడలు తగ్గడం వల్ల అల్మరాలు, ఫ్రిజ్, సోఫా ఆనించడానికి చోటు దొరకదు. 20 అడుగుల వెడల్పున పిల్లర్ లేకుండా తెరిచి ఉంచాలంటే ఒకటిన్నర అడుగులు, ఆ పైన లోతున్న బీమ్ వస్తుంది. దాన్ని గదుల ఎత్తులో లెక్కేసుకోవాలి.

చదువుకునే వయసు పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది మధ్యదారి. వంటగదికీ భోజనాల చోటుకీ మధ్య ఐదారు అడుగుల వెడల్పున జరిపే తలుపు. మామూలు వేళల్లో తెరిచే ఉంటుంది. తాలింపు వేసేటప్పుడు, పరీక్షలప్పుడు మూసుకుంటాం. మా రెండో ఇంట్లో అదే పెట్టాం.

ఎటూ తేలకపోతే ఒక పని చేయండి. వంటగదికీ హాలుకీ మధ్య గోడ కట్టండి, కానీ ఆ గోడ బరువేదీ మోయకుండా దాని పైన ముందే బీమ్ వేయించమని ఇంజినీరుకి చెప్పండి. స్విచ్ బోర్డులు, నీళ్ల పైపులు ఆ గోడలోంచి తీయొద్దని కూడా చెప్పండి. అప్పుడు ఐదేళ్ల తర్వాత తీసేయాలనిపిస్తే ఒక్క రోజు పని. బరువు మోసే గోడైతే దాన్ని తీయడం ఇంటికే ప్రమాదం.

వంటగది ఆకారం గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. స్టవ్, సింక్, ఫ్రిజ్ మూడింటినీ కలుపుతూ త్రికోణం గీస్తే ఒక్కో వైపూ నాలుగు నుంచి తొమ్మిది అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగుల మధ్య ఉండాలన్నది వంటగదులు గీసేవాళ్లు వాడే లెక్క. ఎల్ ఆకారం గట్టు, ఎదురెదురు గట్లు రెండూ ఈ లెక్కలో పడతాయి. ఎదురెదురు గట్లకి మధ్య నాలుగడుగులు వదిలితే ఇద్దరు ఒకరి వెనక ఒకరు దాటగలరు. గట్లు రెండడుగుల చొప్పున కలిపి గది లోపలి వెడల్పు ఎనిమిది అడుగులు కావాలి. ఏడే ఉంటే ఎల్ ఆకారానికి వెళ్లండి. ఫ్రిజ్ మూల గోడకి మరీ దగ్గరగా ఉంటే దాని తలుపు పూర్తిగా తెరుచుకోదు, లోపలి డబ్బాలు బయటికి రావు. అట్టముక్క ఫ్రిజ్‌కి తలుపు కూడా కత్తిరించి తిప్పి చూడండి.

గదులన్నీ హాల్లోకే తెరుచుకోవాలా, కారిడార్ కావాలా

"కారిడార్ అంటే చోటు దండగ" అని చాలామంది అంటారు. 3½ అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు కారిడార్ 70 చదరపు అడుగులు తింటుంది. అందుకని దాన్ని తీసేసి అన్ని గదుల తలుపులూ హాల్లోకి పెట్టేస్తారు. చోటు మిగిలినట్టే ఉంటుంది, కానీ హాలు పోతుంది.

హాల్లోకి తెరిచే తలుపులు లెక్కపెట్టండి. ఐదుంటే సోఫా పెట్టడానికి ఖాళీ గోడ దొరకదు. రెండు తలుపులు ఎదురు మూలల్లో ఉంటే వాటి మధ్య అడ్డంగా నడక దారి పడుతుంది, 15 అడుగుల హాలు రెండు చిన్న ముక్కలవుతుంది. పైగా కుర్చీలో కూర్చున్న చుట్టానికి బెడ్‌రూమ్ మంచం, బాత్‌రూమ్ తలుపు రెండూ కనిపిస్తుంటాయి. స్నానం చేసి తువ్వాలుతో బయటికొచ్చే మనిషి ఇబ్బంది పడతాడు.

పొడవాటి కారిడార్ కూడా నాకు నచ్చదు. మధ్యలో చీకటి, రెండు చివర్లా తలుపులు. అన్నిటికన్నా నయం 4 × 5 అడుగుల చిన్న నడవా. అందులోకి రెండు బెడ్‌రూమ్‌లు, ఒక బాత్‌రూమ్ తెరుచుకుంటాయి. హాలుకి ఒకటే ద్వారం. ఖర్చయ్యేది 20 చదరపు అడుగులు. రెండు ప్లాన్లలో ఒకదానికి ఇలాంటి నడవా ఉంటే దానికి నేను చాలా మార్కులు వేస్తాను.

బాత్‌రూమ్‌లు

ప్రతి బెడ్‌రూమ్‌కీ అటాచ్డ్ బాత్‌రూమ్ కావాలా అంటే, మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి రెండు పెద్దవి చాలని నా అభిప్రాయం. ఒకటి అటాచ్డ్, ఒకటి నడవాలోకి తెరిచేది. 5 × 8 అడుగుల మూడో బాత్‌రూమ్‌కి 40 చదరపు అడుగులు, ఒక బయటి గోడ, ఇంకో సెట్టు పైపులు కావాలి. ఆ మీద కడగడం. ఆ 40 అడుగులతో ఒక మంచి స్టోర్ రూమ్, ఒక వాష్ ఏరియా వస్తాయి. అయితే పొద్దున ఒకే గంటలో నలుగురు బయల్దేరే ఇల్లయితే మూడోది పెట్టుకోండి. ఇది మీ పొద్దుటి గీతలు చూసి తేల్చుకోవాల్సిన విషయం.

రెండు గదుల మధ్య ఒకే బాత్‌రూమ్ పెట్టి అటో తలుపు ఇటో తలుపు పెట్టే ప్లాన్లు వస్తుంటాయి. వద్దనే అంటాను. వెళ్లేవాళ్లు రెండు గొళ్లేలు వేసుకోవాలి, వచ్చేటప్పుడు అవతలి గొళ్లెం తీయడం మర్చిపోతారు.

ఏ ప్లాన్‌లో బాత్‌రూమ్‌లు వీపుకి వీపు ఆనించి, పై అంతస్తువి కింది వాటి నెత్తినే ఉన్నాయో చూడండి. మురుగు పైపుకి 40 అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వాలంటే, 20 అడుగుల దూరం పోయే పైపు ఆరు అంగుళాలు దిగాలి. ఆ ఆరు అంగుళాలు ఏదో ఒక గది కప్పులోంచి తీయాలి. కింద వంటగదో, పడకగదో ఉండి పైన బాత్‌రూమ్ వస్తే, ఎప్పుడో ఒకప్పుడు చెమ్మ దిగితే మరకలు అక్కడే కనిపిస్తాయి. మంచం తలవైపు గోడకి అవతల ఫ్లష్ ట్యాంక్ ఉన్న ప్లాన్‌ని కూడా మార్పించండి. రాత్రి రెండింటికి ఆ శబ్దం చెవి పక్కనే వినపడుతుంది.

ఇక తలుపు. మా ఇంటికి వచ్చిన పెద్దమ్మ బాత్‌రూమ్‌లో కాలు జారి పడింది. సరిగ్గా తలుపుకి అడ్డంగా పడింది. తలుపు లోపలికి తెరిచేది. గొళ్లెం వేసుకోలేదు, అయినా మేం తోస్తుంటే తలుపు అంచు ఆమె భుజానికి తగులుతోంది. "తొయ్యకండమ్మా, నొప్పెడుతోంది" అని లోపల్నుంచి అంటోంది. బందులు ఊడదీసి లోపలికి వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దెబ్బ పెద్దది కాలేదు, కానీ ఆ ఇరవై నిమిషాలు ఎవరం మర్చిపోలేదు. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరిచేలా, లేదా పక్కకి జరిగేలా ఉండాలి. ప్లాన్‌లో తలుపు చాపం, అంటే తలుపు తెరుచుకునే దారిని చూపే వంపు గీత, ఎటు తిరిగిందో చూసి, లోపలికి ఉంటే ఎర్ర పెన్నుతో మార్చండి. దీనికి అదనపు ఖర్చేమీ లేదు.

వెలుతురు, గాలి, ఎండ

కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటుందో దానికి ఇంచుమించు రెండు రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుతురు బాగా అందుతుంది. పై అంచు ఏడడుగుల ఎత్తులో ఉంటే 14 నుంచి 17 అడుగులు. అంతకన్నా లోతైన గదికి ఒకటే వైపు కిటికీ ఉంటే లోపలి భాగంలో పగలు కూడా లైటు వేయాలి.

ఇంటి ఆకారం ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 30 × 30 అడుగుల ఇంటికి చుట్టూ గోడ 120 అడుగులు. అదే 900 చదరపు అడుగుల్ని 15 × 60గా కడితే 150 అడుగులు. చతురస్రంలో గోడ, ఖర్చు, వేడి తగ్గుతాయి. సన్నటి ఇంట్లో ప్రతి గదికీ రెండు వైపుల కిటికీలొస్తాయి, గాలి ఇటు దూరి అటు పోతుంది. చతురస్రం ఎంచుకుంటే మధ్య భాగంలో ఏముందో చూడండి. అక్కడ మెట్లో, స్టోరో, నడవానో ఉంటే ఫరవాలేదు, పడకగది ఉంటే ప్లాన్ మార్చండి. మెట్ల పైకప్పులో అద్దం పెట్టి వెలుతురు దింపడం మంచి ఉపాయం.

పడమటి ఎండ సాయంత్రం బాగా కిందికి వాలి వస్తుంది కాబట్టి సజ్జ దాన్ని ఆపలేదు. వేడి ప్రాంతంలో పడమర వైపు మెట్లు, బాత్‌రూమ్, స్టోరు పెట్టి పడకగదుల్ని కాపాడుకోవాలి. చలి ప్రాంతంలో అదే ఎండ హాల్లోకి వస్తే హాయి. ఒకే ప్లాన్‌ని అద్దంలో చూసినట్టు తిప్పి గీస్తే చాలాసార్లు ఈ సమస్య తీరిపోతుంది. రెండు ప్లాన్లూ నచ్చకపోతే ముందు తిప్పి గీయించి చూడండి.

పిల్లల గదులు

చిన్నవి రెండా, పెద్దది ఒకటా? పదేళ్లలోపు పిల్లలైతే పెద్దది ఒకటి పెట్టండి, కానీ రెండుగా విడదీయగలిగేలా. 20 × 11 అడుగుల గదికి ఇప్పుడే రెండు తలుపులు, రెండు కిటికీలు, రెండు ఫ్యాన్లు, రెండు వైపులా స్విచ్ బోర్డులు పెట్టిస్తే, పిల్లలు పెద్దయ్యాక మధ్యలో వార్డ్‌రోబ్‌లు నిలబెట్టి రెండు గదులు చేసుకోవచ్చు. బట్టలు నిండిన వార్డ్‌రోబ్ శబ్దాన్ని కూడా తగ్గిస్తుంది. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ ఒకటి చేసుకోవచ్చు.

స్టోర్ రూమ్ గురించి ఒక్క మాట. 4 × 6 అడుగులదైనా ఉండాలి. లేని ఇంట్లో సూట్‌కేసులు, నిచ్చెన, పరుపులు పడకగదుల్లోకి వస్తాయి.

ముగ్గు పోసి నడవండి

ఒక ప్లాన్ దాదాపు ఖాయమయ్యాక, తవ్వకం మొదలుపెట్టకముందే, స్థలం మీద సున్నంతో ముగ్గు పోయించండి. గోడలన్నీ, తలుపుల ఖాళీలతో సహా, అసలు కొలతల్లో. స్థలం అందుబాటులో లేకపోతే ఏ మైదానంలోనైనా, డాబా మీదైనా సుద్దతో గీయొచ్చు. ఖాళీ నేల మీద గీసిన గది అసలు గదికన్నా చిన్నగా కనిపిస్తుంది, చుట్టూ గోడలు లేకపోవడం వల్ల. చూసి కంగారుపడకండి. మీరు ఇప్పుడుంటున్న గదిని కూడా పక్కనే గీసుకుని, దాంతో పోల్చి చూడండి.

తర్వాత ఇంట్లో అందరూ ఆ గీతల్లో తిరగాలి. గోడ దాటకుండా తలుపుల్లోంచే వెళ్లాలి. వంటగదిలో నిలబడి చేతులు చాచండి. భోజనాల బల్ల చోట కుర్చీలు వేసి కూర్చుని, ఒకళ్లు వెనక నుంచి గిన్నె పట్టుకుని దాటండి. బకెట్ తీసుకుని బాత్‌రూమ్ నుంచి వాష్ ఏరియాకి వెళ్లండి. రాత్రి చీకట్లో మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్‌కి ఎన్ని అడుగులో కళ్లు మూసుకుని లెక్కపెట్టండి.

రెండో ఇంటికి మేం ఇలా ముగ్గు పోసిన రోజు నాన్న ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని కింది బెడ్‌రూమ్ గీతల మధ్యలో, మంచం వచ్చే చోట వేయించుకుని కూర్చున్నారు. కాసేపు అటూ ఇటూ చూశారు. "కిటికీ ఎక్కడొస్తుంది?" అని అడిగారు. చూపించాం. కుర్చీలోంచే చెయ్యి చాపి, "రెండడుగులు ఇటు జరపండి. ఇక్కడ పడుకుంటే గేటు కనిపించాలి నాకు" అన్నారు. మేస్త్రీ అక్కడే ఒక ఇటుక పెట్టి గుర్తు చేశాడు. కిటికీ అక్కడే వచ్చింది.